బయటి రేకు

పూలకొట్టు అబ్బాయికి ఆ అమ్మాయిని చూసిన మొదటిరోజే ఒళ్ళు మండింది. ఒక్క గులాబీ కొనడానికి ఇరవై నిమిషాలు తీసుకుంది.

"ఇది కుడివైపు వాలింది. నాకు ఎడమవైపు వాలింది కావాలి."

"తిప్పి పట్టుకోండి."

"వెలుగు మారిపోతుందండీ."

ఆ తర్వాత రెండురోజులకోసారి వచ్చేది. ఎప్పుడూ ఎడమవైపు వాలినదే. పువ్వు ఎవరికోసమో అడగడానికి అతనికి నోరు రాలేదు. మూడోవారం అతని అక్కే అడిగేసింది.

"ఎవరికమ్మా ఇన్ని గులాబీలు?"

"బొమ్మకండీ. ఆయిల్ పెయింటింగ్. నేను వేసేలోపు పువ్వు వాడిపోతోంది. ఇంకొక్కటి చాలు, ఇవాళ్టితో అయిపోతుంది. ఇక మిమ్మల్ని విసిగించను."

అక్క తమ్ముడి వంక చూసింది. అతను పూలు లేని బకెట్‌లో నీళ్ళు మారుస్తున్నాడు.

"ఎడమవైపుది లేదండీ. సాయంత్రం ఇంటికి తెచ్చిస్తా," అన్నాడు.

పక్క బకెట్‌లో అలాంటివి ఐదున్నాయి. అక్క నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది.

సాయంత్రం ఆమె గదిలో బొమ్మ చూశాడు. నీడలో రంగు పల్చగా, వెలుగు పడ్డ రేకుల మీద వెన్న రాసినంత మందంగా ఉంది. కుంచె వెంట్రుకల చారలు కూడా కనిపిస్తున్నాయి.

"బాగుందా?"

బాగుంది. బయటి రేకు ఒక్కటే కాస్త వడిలింది. రోజుకు రెండొందల గులాబీలకు వడిలిన రేకులు తీసే చెయ్యి అతనిది. ఆ చెయ్యి అతన్ని అడక్కుండానే బొమ్మలోని రేకు మీదికి వెళ్ళింది.

రేకు రాలేదు. బొటనవేలికి రంగు వచ్చింది.

"ఏం చేశారు?"

"వడిలిన రేకు తీశానండీ."

"ఎందుకు?"

"లేకపోతే ఎవరూ కొనరు."

ఆమె నవ్వలేదు. రంగులు కలిపే కత్తి తీసి ఆ పువ్వు మొత్తం గీకేసింది. అతని ప్రాణం ఉసూరుమంది.

"మళ్ళీ వెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఒక పూత ఆరాకే ఇంకోటి. మూడు వారాలు. రెండురోజులకో గులాబీ కావాలి."

"మూడు వారాలేనా?" అనేసి నాలిక కరుచుకున్నాడు.

ఆమె అతని బొటనవేలి వంక, తర్వాత మొహం వంక తీరిగ్గా చూసింది.

"పొద్దున బకెట్‌లో ఎడమవైపువి ఐదున్నాయి. లేవన్నారేం?"

అతను గోడ వంక చూశాడు. గోడ సాయం రాలేదు.

ఆమె అవిసెనూనె సీసా అందుకుని రంగులో రెండు చుక్కలు వేసింది.

"నూనె ఎక్కువైతే రంగు తొందరగా ఆరదు," అంది.

అతను ఆలోచించాడు.

"ఇంకో చుక్క వెయ్యండి."

ఆమె సీసా మొత్తం ఒంపేసింది.