పద్మనాభం గారి సంతకం

"మా ఆయన ఉత్తరం రాశారండీ," అంది సుభద్ర.

ఆ ఆయన పోయి అయిదు నెలలైంది.

ప్రైవేటు డిటెక్టివ్ వీరరాఘవులు ఉత్తరం కోసం చెయ్యి చాపాడు. నోట్సు రాసుకుంటున్న ఆయన అసిస్టెంటు ఇంద్రాణి మాత్రం పెన్ను ఆపేసింది. అది 2007 జనవరి. ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురాన్ని మూడు రోజులుగా పొగమంచు వదల్లేదు. తొమ్మిదో అంతస్తులోని ఆ ఫ్లాటు కిటికీ అవతల పట్టపగలు కూడా లోకమనేదే లేనట్టుంది. గోడ మీద పద్మనాభం ఫోటోకి దండ వేసి ఉంది.

ఉత్తరం గ్రేటర్ నోయిడాలోని ఒక కంపెనీ పంపిన లాయరు నోటీసుతో వచ్చింది. 'లీలావతి పొడులు' అనే పేరునీ, అందులోని అన్ని రకాలనూ పద్మనాభం ఆ కంపెనీకి రాసిచ్చేశాడట. పదిహేను రోజుల్లో సుభద్ర ఆ పేరు వాడటం మానెయ్యాలట. లీలావతి ఆమె అత్తగారు. ఆ పొడులు నేర్పింది ఆవిడే, ఇప్పుడు సుభద్రకి అన్నం పెడుతున్నవీ అవే.

"సంతకం?"

"ఆయనదే. కింద గీత, దాని కింద రెండు చుక్కలు. నాకు తెలీదా?"

"తేదీ జూలై ఇరవై. అప్పటికి ఆయన బతికే ఉన్నారుగా. భయం దేనికి?"

సుభద్ర ఉత్తరంలోని పొడుల జాబితాలో చివరి వరుస మీద వేలు పెట్టింది. వెల్లుల్లి లేని కరివేపాకు పొడి.

"ఇది నేను మొట్టమొదట దంచింది డిసెంబరులో. ఆయన పోయింది ఆగస్టులో. జూలై ఉత్తరంలోకి ఎలా వచ్చిందండీ? ఆ రోజు దంచుతుంటే వెనకాల ఎవరో నిలబడి చూస్తున్నట్టే అనిపించింది కూడా."

ఇంద్రాణి ఉండబట్టలేక వెనక్కి తిరిగి చూసింది. వంటింటి గుమ్మంలో ఎవరూ లేరు.

"ఎవరికైనా అమ్మారా?"

"లేదు. సొసైటీలో అయ్యప్పస్వాముల భిక్షకి చేశాను. మిగిలింది స్వాములకే కట్టిచ్చాను. దేవుడి పేర పెట్టింది వ్యాపారం ఎలా అవుతుంది?"

వీరరాఘవులు కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పసుపు వాసన. నాలుగు మూలలా మరకలు. భూతద్దం తీసి పై మూలనీ, సంతకం ఉన్న కింది మూలనీ చాలాసేపు చూశాడు. సంతకంలో చివరి చుక్క అలికినట్టు ఉంది.

"ఆయన ఉండగా, 2005 దీపావళికి, లెటర్‌హెడ్లు పూజలో పెట్టి పసుపు అద్దాను," అంది సుభద్ర. "ఆయన ఊళ్ళు తిరిగే మనిషి. పనులు ఆగకూడదని పది కాగితాల మీద ముందే సంతకాలు పెట్టి ఉంచారు. పూజయ్యాక మనోహర్‌కి అయిదు, రాజగోపాల్ గారికి అయిదు ఇచ్చారు."

"ఖాళీ కాగితాల మీదా?"

"నమ్మకం మీద."

"మనవాళ్ళు బెండకాయ తుంచి చూడందే కొనరు, సంతకం మాత్రం కళ్ళు మూసుకుని పెడతారు," అన్నాడు వీరరాఘవులు. "పోనీ, పేరైనా రిజిస్టరు చేయించారా?"

సుభద్ర తల దించుకుంది.

రెండు రోజుల తర్వాత ఇద్దరినీ అదే హాల్లో కూర్చోబెట్టారు. మనోహర్ పద్మనాభం స్నేహితుడు. పొడులు కొట్లకి చేరవేస్తాడు. రాజగోపాల్ సేల్స్ టాక్స్ కాగితాలు చూసే మనిషి.

మనోహర్ అయిదు కాగితాలూ ప్లాస్టిక్ కవరుతో సహా బల్ల మీద పెట్టాడు. "ఇవి వాడే పని పడలేదు వదినా. డిసెంబరంతా బెజవాడలోనే ఉన్నా, మా అమ్మాయి పురుడుకి."

"నాకిచ్చినవి టాక్సు ఆఫీసులో ఎప్పుడో అయిపోయాయి," అన్నాడు రాజగోపాల్. అతని నుదురూ ముక్కూ ఎండకి కమిలి ఉన్నాయి. నున్నగా గీసిన గడ్డం మాత్రం పాలిపోయి తెల్లగా ఉంది. అతను ఫోటో వైపు చూసి గొంతు తగ్గించాడు. "పోయేవాళ్ళకి కొన్ని ముందే తెలుస్తాయంటారు సుభద్రమ్మా. ఆయన ఇష్టం అదేనేమో. పోరాడకండి."

సుభద్ర చీర కొంగు బిగించి పట్టుకుంది. పొగమంచు కిటికీ అద్దాన్ని ఒరుసుకుంటూ కదిలింది.

"శబరిమల నుంచి ఎప్పుడొచ్చారు స్వామీ?" అని అడిగాడు వీరరాఘవులు మామూలుగా.

"మొన్న గురువారం," అనేశాడు రాజగోపాల్. అన్నాక చెయ్యి దానంతటదే గడ్డం మీదికి వెళ్ళింది.

"కొత్తగా తీసిన గడ్డం దాగదు. ఈ పొడి తిన్నవాళ్ళు స్వాములే. సంతకం పెట్టిన కాగితాలున్నది మీ ఇద్దరి దగ్గరే. రెంటికీ చెందినవారు మీరొక్కరే. ఒక్క రకమూ చెయ్యి జారకూడదని రుచి చూసిన పొడినీ జాబితాలో కలిపారు, అది జూలైకి పుట్టలేదని మరిచారు. పైగా సంతకం చుక్క పసుపు తడికి అలికింది, అంటే ముందు సంతకం, తర్వాత పూజ. పై మూల మొదటి అక్షరం మరక మీద అచ్చయింది. అంటే ఉత్తరం అచ్చు పడింది పూజ తర్వాత. పద్మనాభం గారు ఇందులో ఒక్క ముక్క రాయలేదు."

"కంపెనీ ఈయన బావమరిదిది సార్. నిన్న రికార్డులు చూసొచ్చాను," అంది ఇంద్రాణి. ఆవిడ గొంతులో గర్వం దాచినా దాగలేదు.

రాజగోపాల్ ఏదో అనబోయాడు. సుభద్ర అతని వైపు చూసింది.

"భిక్షనాడు మీ కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నాను రాజగోపాల్ గారూ."

అతను బ్యాగు తెరిచి, మిగిలిన నాలుగు కాగితాలూ తీసి బల్ల మీద పెట్టాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక వీరరాఘవులు అన్నాడు: "నోటీసుకి జవాబూ, పోలీసు కంప్లైంటూ లాయరు చేత రాయిస్తాను. రేపే పేరు మీ పేరిట రిజిస్ట్రేషన్‌కి పెట్టండి. ఈ తొమ్మిదీ మాత్రం ఇప్పుడే చించెయ్యండి. ఖాళీ ఉన్నంతసేపూ ఆయన చేత ఎవరైనా ఏదైనా అనిపించగలరు."

సుభద్ర ఒక కాగితం చేతిలోకి తీసుకుంది. చించలేకపోయింది. ఆయన చేతిరాత ఇంట్లో ఇంకెక్కడా మిగల్లేదు.

లేచి వెళ్ళి వంటింట్లోంచి కత్తెర తెచ్చుకుంది. ఒక్కొక్క సంతకాన్నీ అంచు వెంట కత్తిరించి, పైనున్న తెల్లకాగితాలన్నీ పొయ్యి మంట మీద కాల్చేసింది. తొమ్మిది సన్నటి ముక్కల్ని దేవుడి అరలో పెట్టి దణ్ణం పెట్టుకుంది. ఆ సంతకాల పైన ఇప్పుడు ఒక్క అక్షరం పట్టే చోటు కూడా లేదు.