ముందు అక్కకు

మా ధర్మవరం ఎండ ఎట్లుంటుందో తెలియనివాళ్ళకు ముందు ఒక మాట చెప్తాను. ఆ ఏడు వైశాఖంలో మా మిద్దె మీద వాలిన కాకి మళ్ళీ లేవలేదు. ఉప్పూకారం చల్లుకుంటే తినేయొచ్చు, అంత బాగా వేగిపోయింది. ఈ రామక్క మాటల్లో ముప్పాతిక తీసేసి వినాలని మా ఇంట్లో అందరూ అంటుంటారు. తీసేయండి. ఈ కథకు మిగిలే పాతికే ఎక్కువ.

ఆ మధ్యాహ్నం వసారాలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నాను. నా తమ్ముడు శ్రీరంగప్ప రెండో పెండ్లాం త్రివేణి వచ్చి పక్కన కూర్చుంది. రెండు చేతులతో రెండు బుగ్గలనూ చెవులవైపు లాక్కుని, ఆ లాగిన మొగంతోనే అడిగింది.

"ఇట్లుంటే ఎట్లుండాను వదినా?"

"ఓళిగ సాగదీసినట్టు ఉండావు. నెయ్యి పోసేదా?"

ఆమె నవ్వలేదు.

"అనంతపురంలో ఒక డాక్టరు ఉండాడంట. మొగం ఎత్తి కుట్టించుకుంటా. నువ్వు తోడు రావల్ల."

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఎందుకని అడగలేదు. అడగాల్సిన పని లేదు.

నా తమ్ముడి మొదటి పెండ్లాం ఆంజినమ్మ. ఇరవై నాలుగేండ్లకే జ్వరం వచ్చి పోయింది. దేవుని గదిలో ఆమె పటం ఉంది. ఎడమ బుగ్గ మీద సొట్ట, ఆ సొట్టలో చారెడు బియ్యం పట్టేవి. ఆమె పోయిన ఏడాదికే నా తమ్ముడు త్రివేణిని చేసుకున్నాడు. పిల్లలు కలగలేదు. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. రెండోది మెడలో మొదటిదాని గుర్తుగా చిన్న బంగారు బిళ్ళ వేసుకోవాల. కొత్త చీర వస్తే ముందు చనిపోయినదాని ముందర పెట్టి, కుంకుమ పెట్టి, "అక్కా, కట్టుకో" అనాల. కాసేపు కండ్లు మూసుకోవాల. ఆమె కట్టుకుని ఇచ్చినట్టు లెక్క. అప్పుడు తీసి తాను కట్టుకోవాల. చీరే కాదు, గాజులు, చెప్పులు, ఆఖరికి కొత్త మిక్సీ కూడా ముందు అక్కకే చూపించేది త్రివేణి. ఆ మిక్సీలో ఆంజినమ్మ ఏం రుబ్బుకుందో నాకు తెలియదు.

"ఆమెకు ఇరవై నాలుగు దాటలేదు వదినా," అంది త్రివేణి. "నాకు యాభై నాలుగొచ్చినాయి. దినామూ ఇద్దరమూ ఒకే ఇంట్లో ఉంటాము. మీ తమ్ముడు ఎవర్ని చూస్తాడు, నువ్వే చెప్పు."

నా తమ్ముడు చెడ్డవాడు కాదు. కొట్టలేదు, తిట్టలేదు. చూడలేదు, అంతే. అన్నం పెట్టమనాలన్నా దేవుని గది వైపు తిరిగి అడిగే మనిషి. ముప్పై ఏండ్లలో ఆమెను పేరు పెట్టి పిలవంగా నేను వినలేదు. "ఇదిగో" అంటాడు. వాడి పట్టుచీరల అంగట్లో గుమాస్తాలందరికీ పేర్లున్నాయి. ఆఖరికి గల్లాపెట్టె మీద పడుకునే పిల్లికి కూడా ఉంది.

"ఒక్కసారి... నా మొగం చూసి త్రివేణీ అంటే చాలు వదినా."

పోయినాము.

డాక్టరు నాగేశ్వర చిన్నవాడు. ఆయన మొగమే ఇస్త్రీ చేసినట్టుంది, ఈగ వాలితే జారి పడిపోతుంది. ఓపిగ్గా చెప్పినాడు.

"మూడు పద్ధతులున్నాయమ్మా. చర్మం కింద దారాలు వేసి పైకి లాగడం ఒకటి. పెద్ద కోత ఉండదు, కాని ఏడాది, ఏడాదిన్నరకు మళ్ళీ జారిపోతుంది. చెవి ముందర చిన్న కోత పెట్టి దవడ దగ్గర జారింది మాత్రమే సర్దడం రెండోది. మూడోది పూర్తిగా. కణత దగ్గర జుట్టులో మొదలుపెట్టి, చెవి ముందు నుంచి దిగి, వెనక్కి తిప్పి కోస్తాం. పైచర్మం ఒక్కటే లాగితే మొగం బిగుసుకున్నట్టు ఉంటుంది. అందుకని లోపలి పొరను ఎత్తి కుట్టి, మిగిలిన చర్మం తీసేస్తాం. మెడ కూడా కుదురుతుంది."

"మగ్గం మీద పడుగు బిగించినట్టు," అన్నాను.

"అంతే అవ్వా!" అని నవ్వినాడు. తర్వాత ఆమె వైపు తిరిగినాడు. "బీపీ, షుగరు చూడాలి. రక్తం పలచన చేసే మాత్రలుంటే ఆపాలి. తర్వాత వాపు వస్తుంది, నల్లగా కములుతుంది. రెండు వారాలు బయటికి పోలేరు. చెవుల చుట్టూ, బుగ్గల మీద నెలల తరబడి మొద్దుబారి ఉంటుంది. తాకితే వేరే వాళ్ళ చర్మం తాకినట్టు ఉంటుంది. భయపడకండి. మీరు మీలాగే ఉంటారు, పదేండ్ల కిందటి మీలాగ."

త్రివేణి మూడోది అడిగింది. ముప్పై ఏండ్లు ఓర్చుకున్న మనిషి సగం పనికి ఒప్పుకుంటుందా!

ఆపరేషన్ రోజు నర్సమ్మ ఒంటి మీద బంగారం అంతా తీయమంది. తాళి తీయడానికి వెనకాడని త్రివేణి బిళ్ళ దగ్గర ఆగిపోయింది. చివరకు పసుపు గుడ్డలో చుట్టి నాకిచ్చింది. తలుపు అవతల ఆమెను పెట్టుకుని, ఇవతల నేను నాలుగు జన్మలెత్తి మళ్ళీ ముసలిదాన్నయ్యేంత సేపు కూర్చున్నాను. బయటికి తెచ్చినప్పుడు తల నిండా కట్టు, చెవుల వెనక నుంచి సన్నని గొట్టాలు, వాటిలో రక్తం.

ఊర్లో వాళ్ళకు ఆశ్రమంలో సేవకు పోతున్నామని చెప్పి, పుట్టపర్తిలో గది తీసుకున్నాము. మూడు దిండ్ల మీద తల ఎత్తి పడుకునేది. రాగి జావ తాగేది. మొగం వాచి, కమిలి, గుత్తి వంకాయ మాదిరి అయింది. కూరి నూనెలో వేయడమే తరువాయి అన్నాను. "నవ్వించొద్దు వదినా, కుట్లు లాగుతాండాయి" అని కండ్లతోనే నవ్వింది. అద్దం మీద తువ్వాలు కప్పింది. వాపు దిగేదాకా చూసుకోనంది.

నన్ను అడిగితే, ఆమె నవ్విన దినాలు అవే.

కుట్లు విప్పిన పొద్దు డాక్టరు సంతోషంగా చేతి అద్దం అందించినాడు. త్రివేణి గట్టిగా కండ్లు మూసుకుంది.

"వద్దు సార్. ముందు అక్కకు."

"వాళ్ళ అక్క వచ్చినారా?" అని నన్నడిగినాడు.

"వస్తాదిలే నాయనా," అన్నాను. నాకు అప్పుడు నవ్వే వచ్చింది.

తిరిగి పుట్టపర్తి గదికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా లేదు. ఆశ్రమం వైపు నుంచి మైకులో భజన సన్నగా వినిపిస్తోంది. త్రివేణి కిటికీ మూసింది. స్టూలు తుడిచి, పసుపు గుడ్డ పరిచి, బిళ్ళ పెట్టింది. కుంకుమ పెట్టింది. ఊదుబత్తి వెలిగించింది. నేల మీద కూర్చుని, తన మొగాన్ని బిళ్ళకు జానెడు దూరంలోకి తెచ్చింది. చీరను చూపించినట్టే. గాజులను చూపించినట్టే.

"అక్కా, కొత్త మొగం. ముందు నీకు. నువ్వు పెట్టుకుని... నాకియ్యి."

కండ్లు మూసుకుంది.

ఫ్యాను ఆగిపోయింది. భజన మధ్యలో తెగిపోయింది. కరెంటు పోయిందనుకున్నాను. బయట గాలి లేచి, ఎర్ర దుమ్ము కిటికీ చెక్కల మీద ఎవరో గుప్పెళ్ళతో విసిరినట్టు పడింది. ఊదుబత్తి పొగ మాత్రం కదల్లేదు. నిలువుగా నిలబడింది.

అప్పుడొచ్చింది వాసన.

సబ్బూ సోడా కలిపిన నీళ్ళలో పట్టు ఉడికే వాసన. మా పెరట్లో ఎప్పుడో ఆగిపోయిన పని అది. ఆంజినమ్మ చేసేది. తడి చేతులు చీరకు తుడుచుకుంటూ లోపలికి వస్తే ఇల్లంతా ఆ వాసనే కొట్టేది.

నేను త్రివేణి మొగం చూస్తున్నాను.

మొగం కదిలింది.

ఆమె కదిలించలేదు. కొత్త రవిక తొడుక్కున్నవాళ్ళు భుజాలు ఇట్లా అట్లా ఆడించి సర్దుకుంటారు చూడండి... అట్లా. లోపల నుంచి. నుదురు ఒకసారి పైకి పోయి దిగింది. ముక్కు పక్కన చర్మం కుడికి జరిగి, మళ్ళీ కుదురుకుంది. పెదాలు రెండూ తడుముకున్నట్టు కలిసి విడిపోయాయి. చివరకు ఎడమ బుగ్గ మీద, ఎవరో వేలితో నొక్కినట్టు...

సొట్ట.

"వదినా..." గొంతు త్రివేణిదే. పెదాలు ఆలస్యంగా కదులుతున్నాయి. "వదినా, అక్క ఇయ్యలేదు."

"ఏమి ఇయ్యలేదే?"

"చీరైతే... తీసుకో అన్నట్టు తెలుస్తాది. ఒళ్ళు తేలికైతాది. ఇప్పుడు తెలీలేదు. వదినా, నా మొగం యాడుండాది? నాకు తగల్లేదు..."

"మొద్దుబారింటాది, డాక్టరు చెప్పినాడు కదా! కండ్లు తెరువు ముందు!"

తెరిచింది. ఆ కండ్లు నన్ను చూడలేదు. గది చూశాయి. మంచం, దిండ్లు, సీసాలు, తువ్వాలు కప్పిన అద్దం... ఇన్నేండ్లకు ఊరికి వచ్చినవాళ్ళు చూసినట్టు, తీరిగ్గా.

బయట కారు ఆగింది. మమ్మల్ని పిలుచుకుని పోవడానికి నా తమ్ముడు వచ్చినాడు. మెట్లెక్కి, వగరుస్తూ, ఎప్పటి మాదిరే తల దించుకుని లోపలికి వచ్చినాడు.

"ఏమక్కా, అయిపోయిందా? ఇదిగో, సంచులు యాడ..."

తల ఎత్తినాడు.

ముప్పై ఏండ్లు ఆ మొగం వైపు చూడని మనిషి చూసినాడు. చేతిలోని తాళంచెవులు కింద పడ్డాయి. తీసుకోలేదు.

"ఆంజీ..."

ఆ మొగం నవ్వింది. సొట్ట లోతుగా పడింది.

"ఎంతసేపయ్యా?" అంది. త్రివేణి అతన్ని ఎప్పుడూ అట్లా పిలవలేదు. "ఆకలైతాంది."

ఇంతసేపు నేను పెంచి చెప్పింది ఏదైనా ఉంటే తీసేయండి. ఈ మాట మాత్రం తీయకండి. వాడు ఏడ్చినాడు. సంతోషంతో ఏడ్చినాడు. నేను పక్కనే ఉన్నాను, నన్ను చూడనే లేదు.

డాక్టరు దగ్గరికి ఒంటరిగా పోయినాను. ముందూ వెనకా తీసిన ఫోటోలు బల్ల మీద పరిచి చూపించినాడు. బ్రహ్మాండంగా కుదిరిందన్నాడు. సొట్ట గురించి అడిగితే, లోపలి పొర లాగి కుట్టినచోట ఒక్కోసారి గుంట పడుతుంది, మూడు నెలల్లో సర్దుకుంటుందన్నాడు. మాటలో తేడా ఉందంటే, మనుషులకు ధైర్యం వస్తుంది అవ్వా, చాలామంది మారిపోతారన్నాడు. పేరు పిలిస్తే పలకడం లేదని చెప్పినాను. చెవి పరీక్ష చేయించమన్నాడు.

మూడు నెలలు దాటాయి.

దేవుని గదిలో పటం తీసేసినారు. నేనడిగితే నా తమ్ముడు నవ్వి, "బతికుండే మనిషికి దండ యాల అక్కా?" అన్నాడు. ఇప్పుడు వారానికొక చీర తెస్తాడు. అవి ఎవరి ముందరా పెట్టరు. సంచిలోంచి తీసి నేరుగా కట్టుకుంటుంది. ఇద్దరూ కారెక్కి లేపాక్షి పోయినారంట, నంది ముందు నిలబడి ఫోటోలు దిగినారంట. ఊరంతా మెచ్చుకుంటోంది. మీ తమ్ముడు ఈ వయసులో పెండ్లాన్ని ఎంత బాగా చూసుకుంటాండాడు రామక్కా అని నాతోనే అంటారు. ఏ పెండ్లాన్ని అని అడగబోయి ఊరుకుంటాను. నేను చెప్తే ఎవరు నమ్ముతారు? కాకిని వేయించిన నోరు ఇది.

మొన్న ఆదివారం భోజనానికి పిలిచినారు. బల్ల చుట్టూ కూర్చున్నాము. నా తమ్ముడు ఏదో చెప్పినాడు, ఆమె నవ్వింది. నేను ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా బల్ల కింద నా చీర కుచ్చిళ్ళు ఎవరో పట్టుకున్నారు.

కిందికి చూశాను.

ఆమె ఎడమ చెయ్యి. నరాలు తేలి, ముడతలు పడి, వంటింట్లో కాలిన మచ్చతో. ముప్పై ఏండ్లు నాకు అన్నం వడ్డించిన చెయ్యి. పైన మొగం వాడి వైపే తిరిగి నవ్వుతోంది.

"త్రివేణీ..." అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

మొగం తిరగలేదు. చెయ్యి బిగిసింది.

నా చెయ్యి కిందికి పోనిచ్చి ఆ వేళ్ళ మీద పెట్టాను. వెచ్చగా ఉన్నాయి. తప్పిపోయిన పిల్లలు పట్టుకున్నట్టు పట్టుకున్నాయి.

"అక్కా, ఇంకో మాట," అన్నాడు నా తమ్ముడు పెరుగు పోసుకుంటూ. "డాక్టరు చేతులకు గూడా ఏదో చేస్తాడంట. ముడతలు పోతాయంట. వచ్చే వారం పోతాండాము."

"పోదాము," అంది ఆ మొగం, ముద్దుగా.

చెయ్యి నా చీరను వదిలేసింది.

బల్ల కింద నుంచి మెల్లగా పైకి లేచింది. ఆమె నడుము మీదుగా, భుజం మీదుగా, చప్పుడు లేకుండా పాకింది. చెవి వెనక జుట్టులోకి దూరింది. అక్కడ తడుముకుంది. ఆగింది. గోరు ఒకటి లోపలికి దిగడం చూశాను... లోపలి కుట్టు దారం తెగే చిన్న చప్పుడు విన్నాను.

మొగం నవ్వుతూనే ఉంది.