పెరటి మట్టి, గోరుముద్ద

శ్రీకాకుళం శివార్లలో ఆ అద్దె ఇల్లు చూసినప్పుడు శైలజ మురిసింది గదులకు కాదు, పెరటికి. నల్లగా, మెత్తగా ఉంది మట్టి. చల్లిన నెలకే తోటకూర మోకాలెత్తు లేచింది. బజారు కూరలకు మందులు కొడతారని, ఏడాదిపాటు ఆ పెరటి కూరే కలిపి నాలుగేళ్ల హర్షితకు తన చేత్తో గోరుముద్దలు పెట్టింది.

పిల్ల పాలిపోయింది. కడుపునొప్పని ముడుచుకునేది. వచ్చిన మాటలే మరిచిపోయేది.

రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు నెత్తి పట్టుకున్నాడు. "ఇంత సీసం ఒంట్లోకి ఎలా చేరిందమ్మా? ఇంకాస్త పెరిగితే ఫిట్సొస్తాయి. ఏడాదిగా పెరటి కూరే పెడుతున్నానంటున్నారు, ఆ మట్టిలోనే ఉండుంటుంది. ముందు ఆ ఇల్లు వదిలెయ్యండి."

ఆ సాయంత్రమే శైలజ బట్టలు సర్దుతుంటే పక్కింటి దేముడమ్మ గుమ్మంలోకొచ్చి గొంతు తగ్గించింది.

"ఒసే, ఇక్కడ పాత బేటరీలు పగలగొట్టి సీసం కరిగించీవోరు. లక్ష్మణమ్మని ఒకర్తి ఉండీది. పొద్దల్లా అదే పని సేసి, అదే సేత్తో కూతురికి ముద్దలెట్టీది. పిల్ల పోయినాది. తన సేతులే సంపినాయని తెలిసి తనూ పోయినాది. ఆ మట్టి సదును సేసీసి ఇల్లు కట్టీసినారు."

"ముందే చెప్పొచ్చు కదా పిన్నీ!"

"నువ్వడిగినావేటి? తోటకూర కట్టలు కట్టి మా ఇంటికీ పంపినావు. నాను కాలవలో పారేసినాను."

ఆమె వెళ్లగానే వాన మొదలైంది. కరెంటు పోయింది. తడిమట్టి వాసనలో ఏదో కాలిన ఇనుము కంపు...

మంచం మీద హర్షిత లేదు.

పెరటి తలుపు తీసి ఉంది. సెల్‌ఫోన్ వెలుగులో తోటకూర మధ్య పిల్ల కూర్చుని ఉంది. ఎదురుగా ఎవరూ లేరు. మొహం పైకెత్తి నోరు తెరిచింది. మూసింది. నమిలింది.

కరకర... కరకర...

మళ్లీ తెరిచింది.

"హర్షీ! ఏం తింటున్నావే?"

"ష్... అమ్మ పెడతంది."

శైలజ పిల్లను ఎత్తుకుని వానలోనే పరుగెత్తింది. ఆటో ఎక్కింది, బస్సు పట్టింది. కోటబొమ్మాళిలో పుట్టింటికి చేరాకే ఊపిరి తీసుకుంది. పిల్ల నోరు పుక్కిలింపించింది. సబ్బుతో తన చేతులు మూడుసార్లు తోముకుంది. దీపం ముందు కూర్చుని తెల్లటి పెరుగన్నం కలిపింది.

"ఆఁ... అను తల్లీ."

హర్షిత పెదాలు బిగించింది.

"వద్దు. ఇందాక పెట్టావు కదా. అదే చెయ్యి."

శైలజ కిందికి చూసింది. వేళ్ల మధ్య అన్నం బూడిదరంగు తిరిగింది. గోళ్ల కింద తడి తడిగా నల్లమట్టి.

చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. రాలేదు.

వేళ్లు... వాటంతట అవే... ఇంకో ముద్ద చేస్తున్నాయి.