బొమ్మల వార్డు

నేను పాఠాలు చెప్పే నర్సింగ్ కాలేజీలో పిల్లలు సూది గుచ్చడం నేర్చుకునేది నిజం మనుషుల మీద కాదు. కళ్ళకు హెడ్‌సెట్ తగిలించుకుంటే చాలు, ఎదురుగా పెద్ద వార్డు, మంచాలు, మూలుగుతున్న రోగులు. అన్నీ కంప్యూటర్ చూపించే బొమ్మలే. వాటి మధ్య తిరుగుతూ పాఠం చెప్పేది పెద్ద మేడం బొమ్మ.

పెద్ద మేడం నాకు చదువు చెప్పిన మనిషి. ఆవిడ నడక, గొంతు, చేతుల కదలిక అన్నీ యంత్రంలోకి ఎక్కించుకుని, ఇక మీరు రానక్కర్లేదన్నారు. కూరలో కరివేపాకుని కూడా అంత తొందరగా తీసి పారేయరు. ఇంటికెళ్ళిన మనిషి మంచం పట్టి, ఆ వానాకాలంలోనే పోయింది. సంతాప సభలో ప్రిన్సిపాల్ కళ్ళు తుడుచుకుంటుంటే నాకు కడుపు మండిపోయింది.

ఈ ఏడు నా వంతు వచ్చింది.

"నా గొంతు ఇవ్వనండీ," అన్నాను ల్యాబ్ ఆపరేటర్‌తో. "ఇచ్చాక నాతో మీకు పనేముంది?"

"ఇవ్వకపోతే రేపట్నుంచే రావద్దంటారు మేడం. నా చేతుల్లో ఏముంది చెప్పండి?"

మంచంలో ఉన్న అత్తగారు, ఇంకా చదువుకుంటున్న నా పిల్లలు గుర్తొచ్చారు. హెడ్‌సెట్ తగిలించుకున్నాను. నోరు మాత్రం విప్పకూడదనుకున్నాను. ఉత్త బొమ్మను తీసుకుని ఏం చేసుకుంటారో చూద్దామని.

మధ్యాహ్నమే అయినా ముసురు పట్టి బయట చీకటిగా ఉంది. లోపల వార్డులో రోగులెవరూ మూలగడం లేదు. ఆ లోకంలో వాసనలుండవు. కానీ వచ్చింది... పెద్ద మేడం మోకాళ్ళకు రాసుకునే నొప్పి మందు ఘాటు.

ఆవిడ చివరి మంచం దగ్గర నిలబడి అరచేతులు రుద్దుకుంటోంది. చల్లటి చేత్తో రోగిని ముట్టుకోకూడదని మాకు నేర్పింది ఆవిడే. అలా రుద్దుకుంటూనే నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. అంత రుద్దినా ఆ చెయ్యి వెచ్చబడలేదు.

ఆ బొమ్మకు రికార్డు చేసిన మాటలు తప్ప వేరే రావు. వాటినే గుసగుసగా అంది.

"భయపడకమ్మా. కొంచెం నొప్పి ఉంటుంది."

హెడ్‌సెట్ లాగేయబోయాను. రాలేదు...

"నోరు తెరువు తల్లీ."

తెరవకూడదు... తెరవకూడదు... తెరిచాను. గొంతులోకి చల్లగా ఏదో దిగింది. దేన్నో పట్టుకుని పైకి వచ్చింది.

"అయిపోయింది మేడం. బ్రహ్మాండంగా చెప్పారు," అంటూ ఆపరేటర్ హెడ్‌సెట్ తీశాడు. నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. స్పీకర్లో మాత్రం నా గొంతు పాఠం చెప్పుకుపోతోంది. అది నేను కాదని అరవబోయాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

గొంతులో ఏ లోపమూ లేదన్నారు డాక్టర్లు. మాట రాని పంతులమ్మ దేనికని కాలేజీవాళ్ళు ఇంటికి పంపారు. ఆ రోజు ఏడుపు కూడా చప్పుడు లేకుండానే ఏడ్చాను. నాకు మాట పోయిన సంగతి కాలేజీ పిల్లలకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళు రోజూ నా గొంతు వింటూనే ఉన్నారు కదా.

నిన్న మధ్యాహ్నం ఫోన్ మోగింది. నా క్లాసు అమ్మాయే.

"మేడం, పాఠం అయ్యాక మేమంతా హెడ్‌సెట్లు తీసేసినా స్క్రీన్ మీద మీ బొమ్మ ఆగట్లేదు. వార్డు తలుపు తీయమని గుద్దుతోంది. వెనకాలే పెద్ద మేడం నిలబడి చూస్తోంది. ఆపరేటర్ గారు భయపడి వెళ్ళిపోయారు. ఆ తలుపు తెరిచే రిమోట్ నా దగ్గరుంది. తీయనా?"

తియ్యమనాలో వద్దనాలో నాకు తెలియలేదు. తెలిసినా చెప్పలేను. ఫోన్ చెవికి నొక్కుకుని అలాగే నిలబడ్డాను. అవతల ఆ పిల్ల, ఎవరో చెబుతుంటే వింటున్నట్టు ఊఁ కొడుతోంది.

"సరే మేడం," అంది. "మీరు చెప్పారుగా, తీస్తున్నాను."