రేడియో తీసిన తలుపు

"పేపరబ్బాయి," అన్నాడు రేడియో, బొత్తాల డబ్బాలోంచి తల ఎత్తకుండా. ఆ మాట పూర్తికాకముందే తలుపు కింద నుంచి పేపరు లోపలికి జారింది.

"పక్కింటి మామ్మ దిగుతోంది." నిజమే, మామ్మగారి దగ్గు కిందికి వెళ్ళిపోయింది. "నాన్న వస్తున్నాడు. పాలు మర్చిపోయాడు."

"పాల సంగతి నీకెలా తెలుసురా?" అంది వంటింట్లోంచి అమ్మ.

"సంచీ చప్పుడు లేదుగా."

నాన్న ఖాళీ చేతులతో లోపలికి వచ్చి, అమ్మ ముఖం చూసి, చెప్పులు విప్పకుండానే మళ్ళీ మెట్లు దిగాడు. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. ఊళ్ళో పిల్లలందరి ఇళ్ళూ గుర్తుంటాయి కానీ పాలు మాత్రం గుర్తుండవు.

రేడియోకి ముప్ఫై దాటాయి. పుట్టినప్పటినుంచీ అతని బుద్ధి ఎదగడానికి తొందరపడలేదు. నోరు మాత్రం ఇప్పటిదాకా ఆగలేదు. చూసిందీ విన్నదీ అప్పటికప్పుడు పైకి చెప్పేయాల్సిందే. ఆపుదామంటే మీట లేదు గనక ఇంట్లో అందరూ రేడియో అనే పిలుస్తారు. అమ్మ కుట్టే బట్టలకు బొత్తాలు రంగుల వారీగా ఏరిపెట్టడం అతని ఉద్యోగం. చెల్లెలు ఇంటికొచ్చే వేళకు తలుపు తీయడం అంతకంటే పెద్ద ఉద్యోగం.

చెల్లెల్ని అందరూ పొట్టి అంటారు. ఆమె సాయంత్రం మూడో అంతస్తు మలుపులో ఊపిరి కోసం ఒక్క క్షణం ఆగుతుంది, చెప్పు నేలకు తట్టి దుమ్ము దులుపుకుంటుంది, మిగిలిన మెట్లు గబగబా ఎక్కేస్తుంది. ఆమె మలుపులో ఆగేసరికే రేడియో తలుపు తీసి నిలబడతాడు. ఆ ఇంట్లో తాళంచెవి లేనిది ఆమె ఒక్కతికే. కావలసి వస్తే కదా.

ఆ పొట్టి ఈ ఉదయం కాలు నేలమీద నిలవకుండా తిరుగుతోంది. ఆమె పనిచేసిన మొదటి సినిమా ఇవాళే విడుదల. తెర మీద మనుషులు నడుస్తుంటే మనకు వినిపించే అడుగుల చప్పుడు చాలాసార్లు షూటింగ్‌లో పట్టింది కాదు. ఆ తర్వాత స్టూడియోలో ఎవరో బొమ్మ చూస్తూ మళ్ళీ నడవాలి. ఈ సినిమాలో హీరోయిన్‌కి నడిచింది పొట్టి.

పాలు తెచ్చిన నాన్న ఉబ్బితబ్బిబ్బవుతున్నాడు. "అంత పొడుగు మనిషికి మన పొట్టిదాని అడుగులా? ఎవరూ పట్టుకోలేదూ?"

"పట్టుకోకూడదు నాన్నా. పట్టుకున్నారంటే మేం పని చెడగొట్టినట్టే," అంటూ పొట్టి టికెట్లు బల్లమీద పెట్టింది. "సాయంత్రం ఆటకి. మా సార్, యూనిట్ అందరూ వస్తున్నారు."

అమ్మ చేయి తుడుచుకుని టికెట్లు తీసుకుంది. "రెండేనా?"

"నాకు సార్ పక్కన సీటుందిలే."

"నేనడిగింది నీ సంగతి కాదు."

గదిలో బొత్తాల చప్పుడు ఆగలేదు. పొట్టి గొంతు తగ్గించింది. "అమ్మా, ఈ ఒక్కసారికీ అన్నయ్య వద్దు. సినిమాలో ఒకచోట మాటల్లేవు, సంగీతం లేదు. ఆమె మెట్లెక్కి ఇంటికొస్తుంది, అంతే. ఆ మెట్లెక్కింది నేను. హాల్లో చీమ చిటుక్కుమన్నా నా పని మట్టికొట్టుకుపోతుంది. పోయినసారి ఏం జరిగిందో మర్చిపోయావా? దొంగ బీరువా వెనక ఉన్నాడని ముందే చెప్పేశాడు. వెనకాయన ఇలాంటివాళ్ళని ఇంట్లో కట్టేసుకోండి అన్నాడు."

"అన్నాడు. మనం తలొంచుకుని సగంలో లేచొచ్చాం. ఇప్పుడు నువ్వూ ఆ మాటే మెత్తగా అంటున్నావు."

ఆ మాట పొట్టికి సూటిగా తగిలింది. "నేనేం అన్నాను? పుట్టిన దగ్గర్నుంచీ సర్దుకుంటూనే ఉన్నాను కదా. నా పుట్టినరోజుల్లో వాడు, నా స్నేహితుల మధ్య వాడు. ఒక్క సాయంత్రం నాది అనుకుంటే అంత నేరమా?"

"నేరం కాదులే తల్లీ," అన్నాడు నాన్న మధ్యలో. "నేనూ వాడూ ఇంట్లో ఉంటాం. మీ అమ్మ వస్తుంది."

"వాడు లేనిచోటికి నేను రాను," అంది అమ్మ.

"చెల్లికి ఏడుపొస్తోంది," అన్నాడు రేడియో లోపల్నుంచి. "ఇదిగో, వచ్చేసింది."

నిజంగానే వచ్చేసింది. పొట్టి సంచీ భుజాన వేసుకుని, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది. "చెల్లి కోపంగా దిగుతోంది," అన్న మాట ఆమెకు రెండో అంతస్తు దాకా వినిపించింది.

సాయంత్రం హాలు కిటకిటలాడుతోంది. అది పాత హాలు. సీట్ల మధ్య చెక్కమెట్ల దారి, ఆ దారి పైకొసన తలుపు. పొద్దుటి గొడవ గుర్తొస్తున్నా, పొట్టికి సంతోషం ఆగడం లేదు. తన అడుగులు ఇంతమంది వినబోతున్నారు.

దీపాలు ఆరబోతుండగా వెనక్కి చూసింది. ఆఖరి వరసలో, తలుపు పక్కనే, ముగ్గురూ కూర్చుని ఉన్నారు. ఆమె గబగబా పైకి వెళ్ళింది.

"అలా చూడకు," అంది అమ్మ. "వాడికి టికెట్ కొన్నాను. ఊరికే రాలేదు."

రేడియో ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, నాన్న పెద్ద చేతిరుమాలు మడిచి రెండు చేతులతో నోటికి అదిమిపట్టుకున్నాడు. "మాట్లాడను," అన్నాడు దానిలోంచి. "మూసేశాను చూడు."

"ఎవరూ చెప్పలేదే," అన్నాడు నాన్న మెల్లగా. "మధ్యాహ్నం నుంచి ఇంట్లో అలాగే కూర్చుని అలవాటు చేసుకున్నాడు."

దీపాలు ఆరిపోతే పొట్టి వచ్చి తన సీట్లో కూలబడింది.

సినిమా మొదలైంది. చప్పుళ్ళతో బతికే మనిషి గనక పొట్టి తెరను చూడటం లేదు, హాలును వింటోంది. కుడివైపు చిరుతిళ్ళ పొట్లం చిటపటలాడుతోంది. ఎవరో గురక పెడుతున్నారు. తన కుటుంబానికి ముందు వరసలో ఒకాయనకు ఫోన్ మోగింది. "సినిమాలో ఉన్నా, చెప్పు," అంటూ ఆయన ఇల్లు కొనే బేరమంతా మాట్లాడుకున్నాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఆఖరి వరస నుంచి మాత్రం కిక్కురుమనలేదు. ఇంట్లో ఒక్క నిమిషం ఆగని ఆ నోరు ఇంతసేపు మూతపడి ఉందని తలుచుకుంటే ఆమెకు సంతోషం కలగాలి. కలగలేదు. ఊపిరాడుతోందో లేదోనని ఒకసారి వెనక్కి కూడా చూసింది.

అప్పుడొచ్చింది ఆ ఘట్టం. సంగీతం ఆగిపోయింది. హీరోయిన్ అలసిపోయి మెట్లెక్కుతోంది. హాలంతా అడుగుల చప్పుడు. సార్ పొట్టి వైపు చూసి తలాడించాడు. స్టూడియోలో అది ఎన్నిసార్లు చేసినా ఆయనకు నచ్చలేదు. చివరికి, "నటించకమ్మా, మీ ఇంటికి వెళ్తున్నట్టు నడువు," అన్నాడు. ఆ తర్వాతి నడకే ఉంచేశారు.

తెరమీద అడుగులు మలుపులో ఒక్క క్షణం ఆగాయి. చెప్పు నేలకు తట్టింది. తర్వాత గబగబా మెట్లు. హీరోయిన్ మూసి ఉన్న తలుపు ముందు నిలబడింది. తట్టింది. ఎవరూ తీయలేదు. మళ్ళీ తట్టింది.

"చెల్లి వచ్చింది," అన్న గొంతు హాలంతా వినిపించింది.

నాలుగువైపుల నుంచీ "ష్" అన్నారు.

"చెల్లి వచ్చింది. తలుపు తీయండి. చెల్లి బయటుంది." రేడియో లేచి నిలబడ్డాడు. రుమాలు చేతిలో వేలాడుతోంది. నాన్న చొక్కా పట్టుకుని లాగుతున్నా ఆగకుండా, అమ్మ మోకాళ్ళు దాటుకుని వెళ్ళి, హాలు తలుపు బార్లా తెరిచాడు. బయటి వెలుతురు తెరదాకా పడింది.

"ఇదేం గోల," అంటూ ఫోన్ పెద్దమనిషి వెనక్కి తిరిగాడు. "డబ్బు పెట్టి టికెట్ కొన్నాం. అతన్ని బయటికి తీసుకెళ్ళండమ్మా."

ఈసారి అమ్మ తలొంచుకోలేదు. "మేమూ కొన్నామండీ. ఇందాక మీరు ఇల్లు బేరమాడుతుంటే మేమేమైనా అన్నామా?"

సార్ పొట్టి చేయి తట్టాడు. "ఎవరమ్మా అతను? అది నీ నడకేనని ఎలా పట్టాడు?"

అప్పటికి గాని ఆమెకు అర్థం కాలేదు. ఎవరూ పట్టుకోకూడదని రాత్రింబవళ్ళు కష్టపడింది. ఇంతమందిలో ఒక్కడు పట్టుకున్నాడు. చీకట్లో, వేరే మనిషి ఒంటిమీద, తన అడుగు పోల్చుకున్నాడు. తను తలుపు బయట నిలబడిపోతే చూస్తూ కూర్చోలేకపోయాడు. పుట్టిన దగ్గర్నుంచీ సర్దుకున్నాను అంది పొద్దున. పుట్టిన దగ్గర్నుంచీ తను ఒక్కసారైనా తలుపు తట్టిందా? పొట్టికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

గుమ్మంలో రేడియో అటూ ఇటూ చూస్తున్నాడు. బయట చెల్లి లేదు. అతని ముఖం వాడిపోయింది.

పొట్టి లేచింది. అందరూ చూస్తుండగా చెక్కమెట్లు ఎక్కింది. సగంలో ఒక్క క్షణం ఆగింది. చెప్పు తట్టింది. మిగిలిన మెట్లు గబగబా ఎక్కేసింది.

కాసేపటి కిందట తెరమీద విన్న చప్పుడే అది. ఇప్పుడు తమ పక్కనుంచే వెళ్ళింది.

రేడియో గిరుక్కున తిరిగాడు. "వచ్చావా? ఎంతసేపు తట్టావు?"

"వచ్చాను అన్నయ్యా," అంది పొట్టి, అతని భుజానికి తల ఆనించి. తర్వాత ఆ పెద్దమనిషి వైపు తిరిగింది. "మా అన్నయ్యండీ. ఆ మెట్లెక్కింది నేను. రోజూ నాకు తలుపు తీసేది తనే. మీకు ఇబ్బంది కలిగింది, నిజమే. కానీ మేం వెళ్ళం."

ఆయన ఆమె ముఖం చూశాడు, కాళ్ళు చూశాడు. ఫోన్ తీసి నొక్కి ఆపేసి జేబులో వేసుకున్నాడు. "ఉండండి," అన్నాడు. "కాకపోతే తర్వాత ఏమవుతుందో మాత్రం ముందే చెప్పొద్దనండి."

వెనక వరసల్లో నవ్వులు వినిపించాయి. నాన్న తలుపు మూశాడు. పొట్టి సార్ పక్క సీటుకి తిరిగి వెళ్ళలేదు. అన్నయ్యని దారి పక్క సీట్లో కూర్చోబెట్టి, తను పక్కన మెట్టు మీదే కూర్చుంది. రేడియో మళ్ళీ రుమాలు నోటికి అడ్డం పెట్టుకోబోయాడు. ఆమె అది లాక్కుని కళ్ళు తుడుచుకుని, తన సంచీలో వేసేసుకుంది.

తెరమీద హీరోయిన్ ఇంకా ఆ తలుపు ముందే ఉంది.

"పాపం, ఆమెకి అన్నయ్య లేడు," అన్నాడు రేడియో, హాలంతా వినిపించేలా.

ఈసారి ఎవరూ "ష్" అనలేదు.