అక్క కోడ్, పరాయి పేటెంట్

"మారువేషం అక్కర్లేదు. తమ్ముడిగా వెళ్తే చాలు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ తల ఊపాడు. టార్గెట్ అతని సొంత అక్క. ఏళ్ల తరబడి కూర్చుని ఆమె ఒక ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ రాసింది. ఫోన్లో పంపే కబురు మూడోవాడికి అర్థం కాకుండా తాళం వేస్తుందది. సోర్స్ కోడ్ మొత్తం పుస్తకంగా అచ్చు వేసి ఊరందరికీ ఉచితంగా పంచాలని ఆమె పట్టుదల.

"శత్రువుల చేతిలో పడితే కొంప మునుగుతుంది," అంది చిలక. డిపార్ట్‌మెంట్ పేటెంట్ లాయర్. ఎర్ర గౌను, నల్ల కళ్లద్దాలు. చూపు తిప్పుకోవడం కష్టం. "ఒక్క కాపీ కూడా బయటికి పోకూడదు. అన్నీ నాకే అప్పగించు."

డేగ వెళ్లేసరికి అక్క ప్రెస్ ముందు పుస్తకాల కట్టలు మోస్తోంది.

"ఒరేయ్, వేళకొచ్చావురా! ఆ చివర పట్టుకో."

పట్టుకున్నాడు. కట్టలన్నీ వ్యాన్‌లోకి ఎక్కించాడు. తలుపుకి సీల్ వేస్తుంటే అక్క మొహం మారింది.

"ఎవరి వ్యాన్‌రా ఇది?"

"డిపార్ట్‌మెంట్ ఆర్డర్ అక్కా."

"నీకు అక్షరాలు దిద్దించిన చేత్తోనే రాశాను కదరా," అంది. వెనక్కి తిరిగి ప్రెస్‌లోకి వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు సాయంత్రం, కట్టలు అప్పగించినందుకు రసీదు కోసం డేగ చిలక హోటల్ గదికి వెళ్లాడు. అలవాటు చొప్పున పెన్ మైక్ తలుపుకి ఆనించాడు.

"పేటెంట్ రేపు పొద్దున్నే ఫైల్ చేద్దాం," చిలక ఫోన్లో ఎవరో విదేశీయుడితో నవ్వుతోంది. "పుస్తకం ఎవరి కంటా పడలేదు. ఇక కనిపెట్టింది మనమే! ఆ మహాతల్లి తన కోడ్ తను వాడుకోవాలన్నా మన కాళ్లు పట్టుకోవాలి. అంతా డేగ పుణ్యం. మూటగట్టి మరీ ఇచ్చాడు."

డేగకి చెవులు కాలిపోయాయి. దాస్తే భద్రమని నమ్మి బతికినవాడు. పేటెంట్ చట్టం దగ్గర ఆ లెక్క తిరగబడింది. ఫైలింగ్‌కి ముందే నలుగురికీ అందిందని రుజువుంటే పేటెంట్ రాదు. దాచిపెట్టినదానికి దిక్కే లేదు. ఛీ, ఎంత పని చేశాను!

తలుపు తట్టాడు. చిలక తీసింది. మత్తు గ్యాస్ నింపిన లైటర్ నొక్కాడు. గ్యాస్‌కి ఆమె సోఫాలో ఒరిగింది. రికార్డింగ్ చీఫ్‌కి పంపి, గదిలో ఉన్న కట్టల్లోంచి ఒక పుస్తకం లాగి చంకలో పెట్టుకుని పరుగు తీశాడు.

పబ్లిక్ లైబ్రరీ షట్టర్ సగం దిగిపోయింది.

"ఇవాళ్టి తేదీ ముద్ర వేసి దీన్ని షెల్ఫ్‌లో పెట్టండి మేడమ్!"

"రేపు రండి," అంది లైబ్రేరియన్.

"రేపటికి మా అక్కది కాకుండా పోతుందండీ!"

ఆమె అతని మొహం చూసి షట్టర్ వదిలేసింది. "సరే. ఇచ్చేవారి పేరు, ఐడీ?"

జేబులో నాలుగు కార్డులు, నాలుగు దొంగ పేర్లు. దొంగ పేరుతో ఇస్తే రేపు సాక్ష్యం నిలవదు. అసలు పేరు రాస్తే, సీల్ చేసిన రహస్యం బయటపెట్టిన నేరానికి జైలు. బూటు మడమలోంచి అసలు కార్డు తీసి, అమ్మానాన్న పెట్టిన పేరే రాశాడు. ముద్ర పడింది. లైట్లు ఆర్పే ముందు పుస్తకం షెల్ఫ్ ఎక్కింది.

పొద్దున చిలక తరఫు విదేశీ ముఠా పెట్టిన అప్లికేషన్ని, డేగ అందించిన ఆ ముద్ర నకలు చూపించి పేటెంట్ ఆఫీసర్ తిప్పికొట్టాడు. చిలక ఎయిర్‌పోర్ట్‌లో దొరికిపోయింది.

"శభాష్," అన్నాడు చీఫ్. "కానీ చట్టం చట్టమే. నీ మీద వారెంట్ వస్తోంది."

డేగ తిన్నగా అక్క గుమ్మం ముందుకెళ్లి నిలబడ్డాడు. తల ఎత్తలేదు.

"సిగ్గుగా ఉందక్కా."

"ఉండాలి మరి," అంది అక్క. ఆమె కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. తలుపుకి అడ్డం తప్పుకుంది.

"లోపలికి రా. వాళ్లొచ్చి పట్టుకెళ్లేలోగా ఇంత తినెయ్."