జడకు వంకాయ రంగు అంచు

"నా జడకు అంచు ఎవలు కుట్టిండ్రు?"

స్టూడియోలో అడుగుపెడుతూనే సంతోషి అడిగిన మాట ఇది. గోదావరిఖని చౌరస్తాలో అప్పుడే వాన వెలిసింది. గొడుగైనా మడవకుండా బ్యాగులోంచి ఒక ఫోటో తీసి వీరేందర్ ముందు పెట్టింది.

అతను నిన్న తీసిందే. వెనక తెల్లటి మబ్బు, వేపకొమ్మ, ముందు నల్ల చుడీదార్‌లో ఆమె. నవ్వు బ్రహ్మాండంగా వచ్చింది. కానీ జడ చుట్టూ, భుజం మీద, కొమ్మల చివర సన్నగా వంకాయ రంగు గీత.

"లెన్సు మీద బొగ్గు దుమ్ము పడ్డట్టుంది," అన్నాడు వీరేందర్. ఆ ఊళ్లో ఫ్యాను తిరగకపోయినా, టీవీ పలకకపోయినా నేరం బొగ్గు దుమ్ము మీదికే పోతుంది.

"బొగ్గు నల్లగ ఉంటదా, వంకాయ రంగుంటదా?"

వీరేందర్ ఫోటోను కళ్లకు దగ్గరగా పట్టుకుని చూశాడు.

"కరీంనగర్‌ల ఒక సంబంధం ఉంది. వాళ్లకు పంపాలె గీ ఫోటో. మా నాయిన చూసి, అద్దే అద్దన్నడు."

"గింత గీతకేనా?"

"మా నాయిన బొగ్గుబాయిల సర్దార్. దిగంగనే సేఫ్టీ దీపం వత్తి తగ్గించి చూస్తడు. మంట చుట్టు నీలం అంచు లేస్తె గ్యాస్ ఉన్నట్టు, మందినంత బయటికి తోలుకస్తడు. లేకుంటె 'నీలం లేదు, లోపటికి రాండ్రి' అని పిలుస్తడు. బిడ్డ చుట్టు గసొంటి రంగు కనబడంగనే ఫోటో బోర్లేసిండు."

ఎవరైనా నవ్వుతారు. వీరేందర్ నవ్వలేదు. కెమెరాకున్న లెన్సు ఊడదీసి, ట్యూబులైటుకు అడ్డంగా పట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తప్పు నాదే. మళ్ల తీస్త," అన్నాడు. "మీ నాయిన చూసుడు తప్పు కాదు."

ఆ ఒక్క మాటకు సంతోషి కోపం సగం దిగిపోయింది. అసలు ఆమె పోట్లాడదామనే సెంటినరీ కాలనీ నుంచి బస్సెక్కింది పాపం. ఇప్పుడేమో, ఇతను కళ్లు చిట్లిస్తే బాగుంటాడు అనుకుంటూ నిలబడింది.

లెన్సు తుడిచి, బయట వేపచెట్టు దగ్గరికి వచ్చి మళ్లీ కెమెరా ఎత్తాడు. "గోడ ముందర నిలబడుండ్రి ఈసారి."

"గోడ ముందరనా? దొంగల ఫోటో లెక్కస్తది. నాకు వెనక మబ్బే ఉండాలె. కొమ్మలు మసకమసకగ ఉండాలె."

వెనక మసకగా రావాలంటే లెన్సు పూర్తిగా తెరవాలి. తెరిచాడు. గీత మళ్లీ వచ్చింది. ఇంట్లో ఆమె తండ్రి, సర్దార్ నర్సింగం, ఆ ఫోటోనూ బోర్లా వేశాడు. ఆ రాత్రి సంతోషి రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

వీరేందర్‌కు మాత్రం నిద్ర పట్టలేదు. తెల్లారి న్యూస్‌పేపరును గోడకు అంటించి ఫోటో తీశాడు. అక్షరాలు స్పష్టంగా వచ్చాయి, మూలల్లో మాత్రం కొద్దిగా ఎర్ర గీత. వేపాకును మబ్బుకు అడ్డంగా పట్టి తీశాడు. వంకాయ రంగు. లెన్సు కొంచెం మూసి తీస్తే తగ్గింది. అదే ఆకును గోడ ముందు పెడితే అసలు లేనే లేదు.

లెన్సు ఖరాబు కాలేదు. అద్దంలోంచి పోయే ఒక్కో రంగూ ఒక్కో చోట కలుస్తుంది, అంతే. తెల్లటి వెలుగు మీద నల్లటి జడ పడితే ఆ తేడా బయటపడుతుంది. ఆమెను గోడకు నిలబెడితే చాలు.

రోగం దొరికినందుకు ఎగిరి గంతేయాలి. అతనికి గంతేయబుద్ధి కాలేదు. ఫోటో మంచిగా వస్తే కరీంనగర్ పోతుంది. ఆమె మళ్లీ ఈ మెట్లెక్కదు.

సాయంత్రం సంతోషి వచ్చింది. చేతిలో వేడి మిర్చి బజ్జీల పొట్లం.

"మందు దొరికింది," అన్నాడు నేల చూస్తూ. "గోడకు నిలబడితె గీత పోతది."

"తెలుసు," అంది ఆమె మిర్చి కొరుకుతూ.

"తెలుసా?"

"అక్క పెండ్లిల మీరే గోడ ముందర తీసిన ఫోటోలు మా ఇంట్ల ఉన్నయి. ఒక్కదానికన్న అంచుందా?"

"మరి గోడకు ఎందుకు నిలబడలే?"

"నిలబడితె ఫోటో మంచిగస్తది గద."

"మంచిగ రావద్దా?"

"నువ్వు చెప్పు. రావాల్నా?"

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు. గుమ్మంలో నిలబడ్డ నర్సింగం గమనించాడు. ఆయన చేతిలో ఆ రెండు ఫోటోలూ ఉన్నాయి.

"సదయ్య కొడుకువు గద నువ్వు? కెమెరా ఖరాబా, నీ కండ్లు ఖరాబా?"

బొగ్గు దుమ్ము మీదికి తోసేయొచ్చు. వీరేందర్ తోయలేదు. "ఏదీ కాదు, కాకా. మబ్బుకు నిలబెడితె వస్తది, గోడకు నిలబెడితె రాదు."

"మరెందుకు నిలబెట్టలే?"

"నేనే అద్దన్న నాయినా," అంది సంతోషి. "నాకు కరీంనగర్ పోవాలని లేదు."

నర్సింగం బిడ్డను చూసి, వీరేందర్ వైపు తిరిగాడు. "నీకు?"

"పంపద్దనే ఉంది, కాకా." ఈసారి వీరేందర్ నేల చూడలేదు.

పెద్దాయన చేతిలోని రెండు ఫోటోలనూ మార్చి మార్చి చూశాడు. సంతోషి చేతిలో మిర్చీలు చల్లారిపోయాయి.

"ఇద్దరు గోడకు నిలబడుండ్రి," అన్నాడు చివరికి.

వీరేందర్ కెమెరాను స్టాండు మీద పెట్టి, టైమరు నొక్కి, ఉరికి వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు. మధ్యలో మనిషి పట్టేంత జాగా వదిలాడు. ఆమె ఆ జాగా ఉంచలేదు.

ప్రింటు రాగానే నర్సింగం కళ్లద్దాలు పెట్టుకున్నాడు. బాయిలో దీపాన్ని ఎత్తి చూసినట్టే ఫోటోను ట్యూబులైటు కింద ఎత్తి పట్టి, కొద్దిగా వంచాడు. బిడ్డ జడ చుట్టూ చూశాడు. పిల్లవాడి భుజం చుట్టూ చూశాడు. ఇద్దరి మధ్య ఇంకోసారి చూశాడు.

"నీలం లేదు," అన్నాడు నర్సింగం. ఫోటోను జాగ్రత్తగా జేబులో పెట్టుకుని వీరేందర్ భుజం తట్టాడు.

"ఐతారం మీ నాయినను తోలుకోని ఇంటికి రా. గుమ్మం బయట నిలబడకుండ్రి, లోపటికి రాండ్రి."